అమ్మ ‘పొలమారింది’ అంది, నేను ‘దగ్గు’ అని రాశాను: 20 నెలల పాప కేసు

ఈ కేసు రాయడానికి పాప తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. జబ్బు ఎలా నడిచిందో, తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ తప్పు నాది. నేను పిల్లల ఊపిరితిత్తుల జబ్బులు చూసే డాక్టర్‌ని.

మొదటిసారి

పాప వయసు 20 నెలలు. పుట్టినప్పటి నుంచీ పెద్ద జబ్బేమీ లేదు. టీకాలన్నీ వేశారు, బరువు వయసుకు తగ్గట్టే ఉంది. ఇంట్లో ఎవరికీ ఆస్తమా లేదు. మూడు రోజులుగా దగ్గుతోందని తీసుకొచ్చారు.

అమ్మ చెప్పిన మొదటి మాట ఇది: “మొన్న సాయంత్రం ఆడుకుంటూ ఉంటే ఉన్నట్టుండి పొలమారింది డాక్టర్ గారూ. ముఖం ఎర్రగా అయిపోయి ఒకటే దగ్గింది. నీళ్లు తాగించాను, సర్దుకుంది. అప్పటి నుంచీ ఈ దగ్గు.”

నేను విన్నాను, తలూపాను కూడా. కేస్ షీట్‌లో మాత్రం ‘దగ్గు, 3 రోజులు’ అని రాసుకున్నాను.

పాప హుషారుగానే ఉంది. జ్వరం లేదు, రక్తంలో ఆక్సిజన్ 98 శాతం. స్టెతస్కోప్ పెడితే సన్నగా పిల్లికూతలు వినిపించాయి. రెండు వైపులా ఉన్నాయని రాసుకున్నాను. ఎడమవైపు కాస్త ఎక్కువగా ఉన్నాయా? ఉండే ఉంటాయి. పాప ఏడుస్తోంది, బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, ఆ వారమంతా జలుబుతో పిల్లికూతలు వస్తున్న పిల్లలే. నెబ్యులైజర్ పెట్టించాక కొంచెం తేలికపడినట్టు అనిపించింది. మందు రాసి పంపేశాను.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. ఊపిరిగొట్టంలోకి ఏదైనా జారినప్పుడు జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో దగ్గు, ఉక్కిరిబిక్కిరి అవడం, ముఖం రంగు మారడం ఉంటాయి. అది కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల వరకూ సాగుతుంది. తర్వాత ఆ వస్తువు ఏదో ఒక బ్రాంకస్‌లో, అంటే ఊపిరిగొట్టం రెండుగా చీలిన తర్వాతి గొట్టంలో, కుదురుకుంటుంది. అక్కడ దగ్గు పుట్టించే నరాలు కొంతసేపటికి అలసిపోయి ఊరుకుంటాయి. అదే రెండో దశ. దగ్గు తగ్గిపోతుంది లేదా చాలా తక్కువగా ఉంటుంది. పాప ఆడుకుంటుంది, తింటుంది, నిద్రపోతుంది. ఈ దశ గంటలు ఉండొచ్చు, వారాలూ ఉండొచ్చు. మూడో దశలో అడ్డం వెనకాల చీము పట్టడం, న్యుమోనియా, ఊపిరితిత్తిలో ఒక భాగం ముడుచుకుపోవడం మొదలవుతాయి.

నేను పాపను చూసింది రెండో దశలో. ఆ దశలో పరీక్ష చేసే చేతికి, వినే చెవికి దొరికేది చాలా తక్కువ. గట్టిగా దొరికే ఆధారం జరిగిందేమిటో చూసిన మనిషి చెప్పే మాట ఒక్కటే. ఆ మాట నాకు మొదటి నిమిషంలోనే దొరికింది, నేనే జారవిడిచాను.

19వ రోజు

మధ్యలో ఇంకో డాక్టర్‌కి చూపించారు. ఆయన 5 రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. దగ్గు కాస్త తగ్గి మళ్లీ వచ్చింది. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన దగ్గరికి వెళ్లేటప్పటికే వాళ్ల చేతిలో నా చీటీ ఉంది, దాని మీద ‘పిల్లికూతలు’ అని ఉంది. ఒక డాక్టర్ రాసిన పేరును రెండో డాక్టర్ చెరపడం చాలా కష్టం. నేను వేరే కేసుల్లో అలాగే నమ్మిన రోజులు ఉన్నాయి.

19వ రోజున పాప మళ్లీ నా దగ్గరికి వచ్చింది. రెండు రోజులుగా జ్వరం. నిమిషానికి 46 సార్లు ఊపిరి తీస్తోంది. ఆక్సిజన్ 93 శాతం. ఈసారి ఏడవడానికి కూడా ఓపిక లేదు, అమ్మ భుజం మీద తల వాల్చి ఉంది. కుడివైపు నుంచి ఎడమవైపుకు స్టెతస్కోప్ జరిపాను. మనం పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే ఈ గదిలో శబ్దం ఎలా తగ్గుతుందో, అలా తగ్గిపోయింది. ఎడమవైపు ఊపిరి వదిలేటప్పుడు మాత్రం ఒకే స్వరంలో పిల్లికూత. ఆస్తమాలో గొట్టాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి కాబట్టి రకరకాల స్వరాలు వినిపిస్తాయి. ఒకే వైపు, ఒకే స్వరం అంటే ఒకే చోట అడ్డం ఉందని.

“ఆ రోజు పొలమారిందన్నారు కదమ్మా, అప్పుడు ఏం తింటోంది?” అని అడిగాను. మొదటిసారి వచ్చినప్పుడే అడగాల్సిన ప్రశ్న అది.

“ఏమీ తినట్లేదండీ. వాళ్ల అన్నయ్యతో ఆడుకుంటోంది.”

అన్నయ్య అక్కడే ఉన్నాడు. ఐదేళ్ల పిల్లాడు. అమ్మ కుర్చీ వెనక నిలబడి, దాని పట్టీని వేలితో గీకుతున్నాడు. నేను కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాను.

“నాన్నా, చెల్లి దగ్గినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావటగా. ఏం ఆట ఆడుతున్నారు?”

వాడు అమ్మ వైపు చూశాడు, మళ్లీ నేల వైపు. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

“పైకి ఎగరేసి నోటితో పట్టుకుంటున్నా,” అన్నాడు చివరికి. ఏంటి పట్టుకుంటున్నావు అంటే చూపుడువేలు, బొటనవేలు దగ్గరగా తెచ్చి కొలత చూపించాడు. వేరుశనగ పలుకులు. చెల్లి కూడా నోరు తెరిస్తే ఒకటి వేశాడు. చెల్లి నవ్వుతూ ఉండగా గింజ లోపలికి పోయింది.

19 రోజులుగా ఆ సంగతి వాడికి తెలుసు. ఎవరూ అడగలేదు. అడగకుండా చెబితే ఏమవుతుందోనని భయం.

ఎక్స్‌రేలో కనిపించేది, కనిపించనిది

వేరుశనగ గింజ ఎక్స్‌రేలో కనిపించదు. లోహమో, రాయో, ఎముకో అయితే తెల్లగా పడుతుంది కానీ పిల్లల ఊపిరిగొట్టంలో ఇరుక్కునేవాటిలో ఎక్కువ భాగం తిండి పదార్థాలే. వాటి గుండా కిరణాలు దూసుకుపోతాయి. కాబట్టి ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అన్నది ఊరట కలిగించే మాట కాదు. మనం వెతకాల్సింది గింజను కాదు, గింజ చేసే పనిని.

ఊపిరి పీల్చినప్పుడు గొట్టాలు కాస్త విప్పారుతాయి, గింజ పక్కనుంచి గాలి లోపలికి వెళ్తుంది. వదిలినప్పుడు గొట్టం ముడుచుకుని గింజ బిరడాలా బిగుసుకుంటుంది. వెళ్లిన గాలి వెళ్లినట్టే లోపల ఉండిపోతుంది. పీల్చి ఉండగా తీసిన ఎక్స్‌రే మామూలుగా కనిపించేది అందుకే. వదిలినప్పుడు తీస్తే ఒక ఊపిరితిత్తి తగ్గుతుంది, రెండోది ఉబ్బే ఉంటుంది, గుండె పక్కకు నెట్టుకుపోతుంది. 20 నెలల పిల్లకు ‘ఊపిరి వదిలి ఆపు’ అని చెప్పలేం కదా. అందుకని పాపను ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి ఫిల్మ్ తీయించాను. మామూలుగా ఏ వైపు పడుకుంటే ఆ వైపు ఊపిరితిత్తి ఒంటి బరువుకు నలిగి చిన్నదవుతుంది. పాపకు అడుగున ఉన్న ఎడమ ఊపిరితిత్తి నలగలేదు. గాలి నింపిన బుడగలా నల్లగా, నిండుగా ఉంది.

పెద్దవాళ్లలో ఇలాంటివి ఎక్కువగా కుడివైపుకు పోతాయి, ఎందుకంటే కుడి బ్రాంకస్ వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. ఈ వయసు పిల్లల్లో రెండు వైపులా వంపులో అంత తేడా ఉండదు. ఎడమవైపు కాబట్టి అది కాదేమో అని ఎవరూ సర్దిచెప్పుకోకూడదని ఇది రాస్తున్నాను. ఫిల్మ్ పూర్తిగా మామూలుగా వచ్చినా, ఎవరైనా కళ్లారా చూసి చెప్పిన ఉక్కిరిబిక్కిరి ఉంటే గొట్టం వేసి లోపల చూడాల్సిందేనని నా అభిప్రాయం. చూసి ఏమీ లేదని తేలితే నష్టం తక్కువ. చూడకుండా వదిలేస్తే జరిగే నష్టం చాలా ఎక్కువ.

బయటికి తీయడం

మత్తుమందు ఇచ్చి, గట్టి లోహపు గొట్టంతో చేసే బ్రాంకోస్కోపీ ఇది. ఆ గొట్టం గుండానే చూడాలి, ఆ గొట్టం గుండానే ఊపిరి అందించాలి, దాని గుండానే పట్టకారు పంపాలి. పాప వయసుకు సరిపోయేది 3.5 సైజు గొట్టం. మత్తు డాక్టర్, ఈఎన్‌టీ సర్జన్, నేను ముందే మాట్లాడుకున్నాం: గింజ మధ్యలో జారి ఊపిరిగొట్టానికి అడ్డంగా పడితే ఏం చేయాలి? జవాబు వినడానికి విచిత్రంగా ఉంటుంది. బయటికి లాగడం కుదరకపోతే దాన్ని మళ్లీ కిందికి, ఒక బ్రాంకస్‌లోకి నెట్టేయాలి. ఒక ఊపిరితిత్తితో పాప బతుకుతుంది, రెండూ మూసుకుపోతే బతకదు.

స్వరతంతువులు దాటి ఎడమవైపుకు తిరిగితే ముందు కనిపించింది చిక్కటి పసుపుపచ్చ చీము. దాన్ని లాగేశాక ఎర్రగా ఉబ్బిన గోడల మధ్య గింజ సగభాగం కనిపించింది. పొట్టు ఊడిపోయి పాలిపోయి ఉంది. తడికి నాని, లోపలికి పోయినప్పటికంటే లావయింది. వేరుశనగలో ఉండే నూనె గొట్టం లోపలి పొరను పుండులా చేస్తుంది, చుట్టూ మెత్తటి కండ పెరుగుతుంది, తాకితే రక్తం వస్తుంది. గట్టిగా పట్టుకుంటే గింజ పొడిపొడి అవుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. మా సర్జన్ రెండుసార్లు పట్టు వదిలేసి మూడోసారి నెమ్మదిగా బిగించింది. అది గొట్టంలో పట్టేంత చిన్నది కాదు. అందుకని పట్టకారును, గింజను, గొట్టాన్ని మూడింటినీ కలిపి ఒకేసారి వెనక్కి లాగాలి. స్వరతంతువుల దగ్గర అందరం మాట్లాడడం మానేశాం. మానిటర్ శబ్దం తప్ప ఇంకేం లేదు. వచ్చేసింది.

మళ్లీ గొట్టం దింపి రెండు వైపులా చూశాం. ఎడమవైపు ఇంకో చిన్న ముక్క దొరికింది. ఒకటి దొరికింది కదా అని ఆగిపోతే మిగిలిన ముక్క మళ్లీ ఇదే కథ మొదలుపెడుతుంది.

ఇలా ఊపిరిగొట్టంలోంచి నేరుగా తీయడం మొదలై ఎంతో కాలం కాలేదు. 1897లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గుస్టావ్ కిలియన్ అనే డాక్టర్ ఒక రైతు బ్రాంకస్‌లో ఇరుక్కున్న ఎముక ముక్కను గొట్టం వేసి తీశాడు. ఆ తర్వాత అమెరికాలో షెవాలియర్ జాక్సన్ ఈ విద్యను చాలా దూరం తీసుకెళ్లాడు. ఆయన బయటికి తీసిన వస్తువుల్లో 2,000కు పైగా ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని ముటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. పిన్నీసులు, బొత్తాలు, గింజలు, బొమ్మల ముక్కలు. వాటిలో చాలావరకు చూడగానే ఇంటిది అనిపించే వస్తువులే.

గొంతు అనే మాట

ఈ కేసు తర్వాత నేను మన మాటల గురించి చాలా ఆలోచించాను. మనకు గొంతు అంటే మెడ లోపలి దారి, గొంతు అంటే స్వరం కూడా. ఊపిరి వెళ్లే గొట్టానికి, అన్నం వెళ్లే గొట్టానికి రోజువారీ మాటల్లో వేరువేరు పేర్లు వాడం. ‘గొంతులో ఇరుక్కుంది’ అంటే ఏ గొట్టంలోనో తెలియదు. అందువల్లే ‘మింగేసిందిలే, రేపు మోషన్‌లో వచ్చేస్తుంది’ అన్న మాట ఇంత సులభంగా నోటికొస్తుంది. అన్నవాహికలోకి పోయింది రావచ్చు. ఊపిరిగొట్టంలోకి పోయింది ఎప్పటికీ ఆ దారిన రాదు. పొలమారడం అన్న ఒక్క మాటే ఆ తేడాను చెబుతుంది. దారి తప్పిందని చెప్పే మాట అది. అమ్మ వాడింది సరిగ్గా ఆ మాటే.

మన భాషలో గొంతుకు అడ్డం పడటం అంటే ఎక్కువగా చెప్పలేకపోవడం. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది అంటాం. గొంతు పెగల్లేదు, గొంతు పూడుకుపోయింది, మింగలేక కక్కలేక అంటాం. గరళాన్ని మింగకుండా, కక్కకుండా గొంతులోనే నిలుపుకున్నవాడిని దేవుడిగా కొలిచాం. ఈ పోలికల్లో ఒక నిజం ఉంది. ఊపిరికి పూర్తిగా అడ్డం పడితే ముందు పోయేది స్వరమే, ఎందుకంటే గాలి కదలనిదే స్వరతంతువులు పలకవు. దగ్గుతున్న, ఏడుస్తున్న బిడ్డకు గాలి ఆడుతోంది. నోరు తెరిచి ఉండి శబ్దం రాని బిడ్డే నిజంగా ప్రమాదంలో ఉంది. కథల్లో రాసినట్టు మెడ పట్టుకుని, కళ్లు తేలేసి, గట్టిగా గురకపెట్టే మనిషిని ఊహించుకుని కూర్చుంటే, వంటగదిలో ఉన్న మనకు పక్క గదిలోని నిశ్శబ్దం వినిపించదు. రెండేళ్ల లోపు పిల్లలు చేతులతో మెడ పట్టుకుని చూపించరు కూడా.

అయితే ఈ పోలికలన్నీ కథను గొంతు దగ్గరే ఆపేస్తాయి. వస్తువు బయటపడుతుంది, లేదా మనిషి పోతాడు. గొంతు దాటి కిందికి జారి, స్వరం తిరిగొచ్చి, అందరూ గండం గడిచిందనుకునే మూడో దారి కథల్లో చాలా అరుదు. ఒక్క కథ మాత్రం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. గ్రిమ్ సోదరులు సేకరించిన స్నో వైట్‌లో ఆపిల్ ముక్క గొంతులోనే ఉండిపోతుంది. అమ్మాయి బుగ్గలు ఎర్రగానే ఉంటాయి, చూసేవాళ్లకు నిద్రపోతున్నట్టే ఉంటుంది. 1812 నాటి మొదటి ముద్రణలో, ఆమెను ఉంచిన శవపేటికను మోసి మోసి విసిగిపోయిన ఒక సేవకుడు ఆమెను లేపి వీపు మీద కొడతాడు, ముక్క బయటపడుతుంది. తర్వాతి ముద్రణల్లో మోసేవాళ్లు తూలడం వల్ల పడిన కుదుపుకు బయటపడుతుంది. వీపు మీద దెబ్బ అన్న ఆలోచన అంత పాతది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మా పాపలాంటి బిడ్డ, అంటే వస్తువు బ్రాంకస్‌లోకి దిగి కుదురుకున్నాక ఊపిరి ఆడుతున్న బిడ్డ వీపు మీద కొట్టకూడదు. అది కదిలి పైకొచ్చి స్వరతంతువుల దగ్గర అడ్డం పడితే అప్పటిదాకా ఆడుతున్న ఊపిరి ఆగిపోతుంది. కుదురుగా కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో జరిగితే

ఆ అమ్మ చేసిన పనుల్లో నేను మార్చమని చెప్పింది నీళ్లు తాగించడం ఒక్కటే. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. మన చేతుల్లో ఉన్న ఏ ఉపాయం కన్నా ఆ దగ్గుకే బలం ఎక్కువ. దగ్గు నీరసించి శబ్దం ఆగిపోతే, పెదాలు నీలంగా మారుతుంటే, ఎవరినైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయమని మనం పని మొదలుపెట్టాలి. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఒంటికన్నా కిందికి ఉండేలా పట్టుకుని, అరచేతి మడమతో రెండు భుజాల ఎముకల మధ్య 5 సార్లు కొట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. ఏడాది దాటిన పిల్లలకైతే వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెనక నుంచి చేతులు చుట్టి బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. ఇలా పొట్ట నొక్కడం హెన్రీ హైమ్లిచ్ అనే సర్జన్ 1974లో చెప్పిన పద్ధతి. ఏడాది లోపు పిల్లలకు పొట్ట నొక్కకూడదు, కాలేయం దెబ్బతింటుంది. అది బయటపడేదాకా, లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా ఇవే మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి అందించడం, మొదలుపెట్టాలి.

నోట్లో కనిపించనిదాని కోసం వేలు పెట్టి వెతకకూడదు. ఇది చెప్పడం తేలిక, ఆ క్షణంలో పాటించడం చాలా కష్టమని నాకు తెలుసు. చేయి తనంతట తానే వెళ్తుంది. కానీ ఆ వేలు వస్తువును ఇంకా లోపలికి దింపుతుంది.

పాప తండ్రి “గింజే కదా, అంత చిన్నది ఇంత పని చేస్తుందా?” అని అడిగాడు. గొట్టం వ్యాసార్ధం సగానికి తగ్గితే గాలికి అడ్డం రెండు రెట్లు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లకు దగ్గుతో పోయే అడ్డం పిల్లలకు ప్రాణాంతకం అవుతుంది. పైగా నమిలి పిండి చేసే వెనక దంతాలు ఈ వయసుకు పూర్తిగా రావు. ముందు పళ్లతో కొరుకుతారు, కొరికినదాన్ని నూరలేరు. నాలుగేళ్లు నిండేదాకా గింజలు, పాప్‌కార్న్, గట్టి క్యాండీ, గట్టి పచ్చి క్యారెట్ ముక్కలు వద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది. ద్రాక్షలాంటి గుండ్రటి పండ్లను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. బొమ్మల విషయంలో అక్కడ ఒక కొలత ఉంది: సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టేదేదీ మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదు. రబ్బరు బుడగలంటే నాకు మరీ భయం. చిరిగిన ముక్క గొంతుకు అతుక్కుపోతే దెబ్బకూ కదలదు, నొక్కుడుకూ కదలదు.

తర్వాత

ఊపిరిగొట్టం వాపు తగ్గడానికి స్టెరాయిడ్, చీముకు యాంటీబయాటిక్ ఇచ్చాం. రెండో రోజుకు జ్వరం పోయింది, మూడో రోజు ఇంటికి పంపాం. పంపేముందు అమ్మ ఆ ముక్కను చూస్తానంది. చిన్న సీసాలో వేసి ఇచ్చాను. వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

“మొదటిసారి మీ దగ్గరికి వచ్చినప్పుడు ఇది లోపలే ఉందా?”

“ఉందమ్మా.”

“పొలమారిందని చెప్పాను కదా డాక్టర్ గారూ.”

“చెప్పారమ్మా. నేనే రాసుకోలేదు. పొరపాటు నాది.”

ఆవిడ ఇంకేమీ అనలేదు. ఇప్పుడు మా కేస్ షీట్‌లో దగ్గు అని రాసే గడి పక్కన ఇంకో గడి పెట్టించాను: మొదలైన రోజు ఉన్నట్టుండి పొలమారిందా, పక్కన ఎవరున్నారు? రెండో సగం ఆ పిల్లాడి వల్ల వచ్చింది.

నాలుగు వారాలకు మళ్లీ వచ్చారు. రెండు వైపులా గాలి సమానంగా వినిపించింది, ఎక్స్‌రే బాగుంది. అన్నయ్య ఈసారి కుర్చీ వెనక కాదు, పక్కనే నిలబడ్డాడు. స్టెతస్కోప్ వాడి చెవులకు పెట్టి, గుండ్రటి బిళ్లను చెల్లి ఎడమవైపు ఆనించాను. వాడు కదలకుండా విని, “వస్తోంది,” అన్నాడు. తర్వాత కుడివైపు పెట్టమన్నాడు.